మూలనున్న ఐదు చుక్కలు

"ఆ ఐదింటినీ ఏరిపారెయ్యమ్మా," అన్నాడు శోభనాద్రి, బియ్యంలో రాళ్ళ సంగతి చెప్తున్నంత తేలిగ్గా. "మిగిలిన ముప్పై ఐదుతో లెక్క మళ్ళీ వేసి, శనివారం సాయంత్రానికల్లా రిపోర్టు నా చేతిలో పెట్టు."

జెనిఫర్ తెర మీద నుంచి కళ్ళు తిప్పలేదు. తెర మీద నలభై చుక్కలున్నాయి. ముప్పై ఐదు చుక్కలు మధ్యలో కలగాపులగంగా ముసురుకుని ఉంటే, ఐదు మాత్రం ఎవరితోనూ పొత్తు లేనట్టు పైమూలన చేరి కూర్చున్నాయి. అవి చుక్కలే అయినా ఒక్కొక్కటీ ఒక్కో శీలావతి చేప మెదడు.

బందరులో, ఉప్పుగాలికి కిటికీ ఊచలన్నీ తుప్పు పట్టిన ఆ చిన్న పరిశోధన కేంద్రంలో జెనిఫర్ పని అంకెలతోనే. చేపల తలలు కోసేది మిగతావాళ్ళు. కిక్కిరిసిన చెరువులో పెరిగిన చేప మెదడులో ఏ జన్యువు ఎంత గట్టిగా పనిచేస్తోందో, పలచగా వేసిన చెరువులో పెరిగిన చేప మెదడులో ఎంత పనిచేస్తోందో కొలిచి చూస్తే, ఒత్తిడి అనేది మెదడుని ఏం చేస్తుందో తెలుస్తుందని ప్రొఫెసర్ శోభనాద్రి ఆశ. కిక్కిరిసిన చెరువు నుంచి ఇరవై, పలచటి చెరువు నుంచి ఇరవై. ఒక్కో చేపకి పాతికవేల జన్యువులు, ఒక్కో జన్యువుకీ ఒక అంకె, వెరసి పది లక్షల అంకెలు. వాటన్నిటినీ నలిపి నలభై చుక్కలుగా దించే లెక్క ఒకటుంది. మెదడు పనితీరులో పోలికలున్న చేపలు దగ్గర దగ్గరగా పడతాయి, లేనివి దూరంగా పడతాయి. కిక్కిరిసిన చేపలన్నీ ఒకవైపు, పలచటి చేపలన్నీ ఒకవైపు పడాలి. పడలేదు. రెండు రకాలూ కలిసిపోయాయి, పలచటి చెరువు చేపలు ఐదు తప్ప.

"ఎందుకు తీసెయ్యాలి సార్?"

"ఎందుకేంటమ్మా? అవి జకరయ్య ఒక్కడే తీసిన శాంపిళ్ళు. ఫిబ్రవరి పదహారు, ఆదివారం. శాంపిళ్ళు తీసే మన కుర్రాళ్ళిద్దరికీ మర్నాడు పరీక్ష ఉందంటే, పోనీ చేయి తిరిగినవాడే కదా అని వాణ్ణే తియ్యమన్నాను. చచ్చిన చేపల్నే కోశాడో, పక్క చెరువులోవే పట్టాడో ఎవరికి తెలుసు? చెరువులో దాణా సంచులు కట్టే మనిషిని నమ్మడం నాదే బుద్ధితక్కువ." శోభనాద్రి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అన్నయ్యకీ చెప్పేశాను. ఒకటో తారీఖు నుంచి చెరువు మీదకి వేరే మనిషిని చూసుకుంటానన్నాడు."

అన్నయ్య అంటే వెంకట్రామయ్య. గుడివాడ అవతల, నందివాడ వైపు ఆ చెరువులు ఆయనవే. జకరయ్య ఇరవై రెండేళ్ళుగా ఆ గట్టు మీదే ఉంటున్నాడు. మేతా, కాపలా, పట్టుబడి అన్నీ ఆయన చేతి మీదే నడుస్తాయి. ఐసు పెట్టె ఒళ్ళో పెట్టుకుని బస్సులో బందరు దాకా తెచ్చి, "వందనాలమ్మా, జాగ్రత్తగా తెచ్చాను," అని బల్ల మీద దించే ఆ మనిషి మొహం జెనిఫర్‌కి గుర్తొచ్చింది. ఇంకో తొమ్మిది రోజుల్లో ఒకటో తారీఖు.

చెప్పిన పని చేసింది. ఐదింటినీ తీసేసి లెక్క తిప్పింది. అవి ఉన్నప్పుడు రెండు చెరువుల మధ్య తేడా చూపిన జన్యువులు పదకొండే. తీసెయ్యగానే రెండు వందల పన్నెండు వచ్చాయి. శోభనాద్రి మొహం విప్పారింది.

"చూశావా! ఇదీ సంగతి," అని భుజం తట్టి వెళ్ళిపోయాడు.

జెనిఫర్‌కి మాత్రం మింగుడు పడలేదు. పాడైపోయిన శాంపిళ్ళయితే తలోదిక్కున చెల్లాచెదురుగా పడాలి కదా! ఇవి అక్కచెల్లెళ్ళలా ఒకేచోట ఎందుకు చేరాయి? చేరినవాటిలోనూ నాలుగో ట్యూబు తాలూకు చుక్క ఒక్కటి కాస్త ఎడంగా, మిగతా గుంపు వైపుకి ఒరిగినట్టు ఉంది. ఆ ఒరుగు దేనికి? తీసేసిన ఐదు చుక్కల్నీ మళ్ళీ తెర మీదకి తెచ్చి పెట్టింది. వెలిగే దీపాన్ని ఎవరో ఆర్పబోతుంటే చెయ్యి అడ్డం పెట్టినట్టనిపించింది ఆమెకి.

*

బుధవారం పొద్దున్నే ఆ ఐదు చేపల మీద నేరం రుజువు చేద్దామనే కూర్చుంది. చిత్రమేమిటంటే ఒక్క నేరమూ నిలవలేదు.

చచ్చిన చేపలా? చచ్చాక ఆలస్యమైతే మెదడులో ఆర్‌ఎన్‌ఏ ముక్కలు ముక్కలైపోతుంది, నాణ్యతకి పదింట నాలుగో ఐదో మార్కులు పడతాయి. వీటికి తొమ్మిదిన్నర పడ్డాయి. నలభైలోకీ ఇవే ఫస్టు. పక్క చెరువు చేపలా? జన్యువుల అక్షరాలు పోల్చి చూస్తే మిగతా పదిహేనింటితో ఒకే హేచరీ, ఒకే ఈత పిల్లలని తేలింది. వేరే రోజు మిషన్ ఎక్కించారా? లేదు, నలభయ్యీ కలిపి ఒకేసారి ఎక్కించారు. ఒక్కో నేరం వీగిపోతున్న కొద్దీ జెనిఫర్ కుర్చీ అంచుకి జరుగుతోంది.

"ఏంటే, పెళ్ళి కుదిరినట్టు ఆ నవ్వేంటి?" అంది పక్క బల్ల మీద ట్యూబులు సర్దుకుంటున్న బిందు. ల్యాబు పనంతా బిందుదే.

"ఉండవే, ఒక్క నిమిషం."

లెక్కని తిరగేసింది. చెరువుల సంగతి పక్కన పెట్టి, ఆ ఐదింటినీ ఒకవైపు, మిగతా ముప్పై ఐదింటినీ ఒకవైపు నిలబెట్టింది. కంప్యూటరు కాసేపు గిరగిర తిరిగి జాబితా ఇచ్చింది. మూడు వేల నూట నలభై జన్యువులు! రెండు వందలు కాదు, మూడు వేలు. వాటిలో పైవరసలో ఉన్నవన్నీ జెనిఫర్‌కి పేరుపేరునా తెలిసినవే. ఒత్తిడి హార్మోను ఒంట్లో గంటల తరబడి తిరిగితే పెరిగే ఎఫ్‌కేబీపీ-5, చేప బెదిరిన పావుగంటలో ఉలిక్కిపడి లేచే ఫాస్, అలాంటివే ఇంకా బోలెడు. అవన్నీ ముప్పై ఐదింటిలో మోత మోగుతున్నాయి, ఐదింటిలో నిద్రపోతున్నాయి. నాలుగో ట్యూబులో మాత్రం ఒక్క ఫాసే కొద్దిగా లేచి ఉంది. అదొక్కటీ అంతుబట్టలేదు.

ఒళ్ళంతా జల్లుమంది ఆమెకి. పాడైన చేపలు కావివి. నలభైలోకీ నిమ్మళంగా ఉన్న చేపలు ఇవి ఐదే. పలచటి చెరువులో హాయిగా ఉన్నాయనుకున్న మిగతా పదిహేనూ కిక్కిరిసిన వాటితో సమానంగా బెదిరిపోయి ఉన్నాయి. ఎవరు బెదిరించారు వాటిని? ఆ ఒక్క ఆదివారం ఎందుకు బెదిరించలేదు?

బీరువాలోంచి చెరువు నోటుబుక్కు తీసింది. తేదీ, నీటి వేడి, ముందురోజు సాయంత్రం హాపాలో వేశారా, పట్టిన టైము, ఎవరు పట్టారు. ప్రతి వరసకీ హాపా గడిలో టిక్కు ఉంది. హాపా అంటే చెరువులోనే నాలుగు కర్రలకి తిరగేసిన దోమతెరలా కట్టే వలతొట్టి. చేపల్ని అటూ ఇటూ తరలించే ముందు ఒక రాత్రి అందులో ఉంచితే చేప సర్దుకుంటుందని, గట్టిపడుతుందని ఆ చుట్టుపక్కల చేపల చెరువులవాళ్ళందరి నమ్మకం. చేపల ఇంట్లో పుట్టిన శోభనాద్రి కూడా మరో ఆలోచన లేకుండా దాన్నే పద్ధతిగా పెట్టాడు. ఫిబ్రవరి పదహారు వరసలో కూడా టిక్కు ఉంది. మిగతావాటికన్నా ఒత్తి కొట్టినట్టుంది, కాగితం వెనక్కి దిగింది.

ఆ సాయంత్రం గూడూరులో ఇంటికి వెళ్ళాక కూడా జెనిఫర్ నోరు ఆగలేదు. తల్లి కృపావతి అంగన్వాడీ టీచరు. పప్పులో పోపు పెడుతూ అంతా విని, "చేపలకి కూడా మనాదా? బాగానే ఉందే చోద్యం," అంది.

"మనాది కాదమ్మా, ఒత్తిడి. ఫిబ్రవరి పదహారున మాత్రం లేదు. ఆ ఒక్క ఆదివారమే."

"ఫిబ్రవరి పదహారా?" కృపావతి గరిటె ఆపింది. "ఆ ముందు మూడు రాత్రులూ నాగాయలంక చర్చిలో ఉజ్జీవ కూడికలు కదే! మనవాళ్ళందరం వ్యాను కట్టించుకుని శనివారం వెళ్ళలా? నువ్వే పనుందని ఎగ్గొట్టావు. అబ్బ, ఆ రాత్రి డోలక్ వాయించాడే ఆయన, ఎముకలు కూడా లేచి ఆడాలి. నాగాయలంక మనిషేనట. ఇప్పుడు గుడివాడ అవతల ఎక్కడో చేపల చెరువు మీద ఉంటున్నాడట. పేరేదో..."

జెనిఫర్ చేతిలో కంచం కిందపెట్టేసింది. "జకరయ్యా?"

"ఆఁ, జకరయ్యే. ఏం?"

శనివారం రాత్రి ఆయన నాగాయలంకలో డోలక్ వాయిస్తుంటే, శనివారం సాయంత్రం చెరువులో చేపల్ని హాపాలో వేసిందెవరు?

*

గురువారం మొదటి బస్సుకే బయల్దేరింది. పెడనలో సగం ఖాళీ అయిన బస్సు, గుడ్లవల్లేరు దగ్గర కాలేజీ పిల్లలతో మళ్ళీ పొంగిపొర్లింది. గుడివాడలో దిగి షేరాటో ఎక్కి, చెరువుగట్టు మీద దిగేసరికి ఎనిమిదిన్నర దాటింది.

జకరయ్య పాక ముందు కూర్చుని దాణా సంచులకి కన్నాలు పెడుతున్నాడు. తవుడూ, వేరుశనగ చెక్కా కలిపి నింపిన ప్లాస్టిక్ సంచులవి. అడుగున కన్నాలు పెట్టి చెరువులో పాతిన కర్రలకి కడితే, చేపలు వరసకట్టి వచ్చి మూతులతో పొడుచుకుని తింటాయి. ఇనపచువ్వ కొస పొయ్యిలో ఎర్రగా కాల్చి, ఒక్కో సంచికీ లెక్కగా దింపుతున్నాడు.

"వందనాలు బాబాయ్."

"వందనాలమ్మా! ఇంత దూరం నువ్వొచ్చావేంటి? కబురెడితే నేనే వచ్చేవాణ్ణిగా," అంటూ లేచి నులకమంచం దులిపాడు. కబురు ఏమై ఉంటుందో ముందే తెలిసినవాడిలా మళ్ళీ చువ్వ అందుకున్నాడు. "పెదబాబుగారు చెప్పార్లేమ్మా. ఒకటో తారీఖు దాకా ఉంటాను. సంచులన్నీ సిద్ధం చేసి పెడితే కొత్తగా వచ్చేవాడికి తడుముకోకుండా ఉంటుందని."

వచ్చేటప్పుడు బస్సులో జెనిఫర్ వరసగా కూర్చుకున్న ప్రశ్నలన్నీ ఎగిరిపోయి ఒక్కటే మిగిలింది.

"ఆ ఆదివారం చేపలు హాపాలోవి కాదు కదూ?"

చువ్వ ఆగింది. ప్లాస్టిక్ కాలిన వాసన గుప్పుమంది. జకరయ్య గబుక్కున చువ్వ లాగేశాడు గానీ, అప్పటికే ఆ సంచికి కన్నం గుప్పెడంత అయింది.

"ఎవరు చెప్పారమ్మా?"

"చేపలే చెప్పాయి బాబాయ్."

నవ్వుతాడనుకుంది. నవ్వలేదు. కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"ఏటేటా కూడికలకి డోలక్ నేనేనమ్మా. శనివారం మధ్యాహ్నమే హాపాలో వేసి వెళ్దామనుకున్నా, బస్సు టైమైపోయింది. మర్నాడు తెల్లారి మొదటి బస్సుకి వచ్చి చూస్తే, నేను వెయ్యందే ఇంకేముంటుంది, హాపా ఖాళీ. చినబాబుగారు ఫోన్ చేసి మొదలెట్టావా అంటున్నారు. అప్పుడు పడవేసుకుని సంచుల దగ్గరికి పోయా. అక్కడ మేత తింటా ఉంటాయిగా, నన్నెరుగున్నవే. చిన్న చేతివలతో ఒక్కొక్కదాన్నీ ఎత్తి, పడవలోనే కోసి, మందునీళ్ళ ట్యూబులో వేసి ఐసులో పెట్టా. అంతవరకూ తప్పు లేదు. ఆ తర్వాత బుక్కు తీసి..." మాట ఆగింది. "హాపా గడిలో టిక్కు కొట్టాను. ప్రార్థన చేసొచ్చిన చేత్తోనే అబద్ధం రాశాను. పని పోతే పోయింది. ఆ టిక్కు సంగతి ఎవరికీ తెలీకుండా పోతే చాలనుకున్నానమ్మా ఇన్నాళ్ళూ."

జెనిఫర్ ఎగిరి గంతేయబోయి, ఆయన మొహం చూసి తమాయించుకుంది. ఆయన నేరం ఒప్పుకుంటున్నాడు, ఆమెకి పండగలా ఉంది! ఆ సంగతి ఆయనకి ఎలా చెప్పాలో తెలియక మంచం మీద నుంచి జారి నేల మీదే కూర్చుంది. పుల్ల తీసుకుని దుమ్ములో చుక్కలు పెట్టింది. ఇవి ముప్పై ఐదు, ఇవిగో మూలన ఐదు. ఇవి బెదిరిన మెదళ్ళు, ఇవి బెదురు లేనివి.

జకరయ్య వంగి చూశాడు. "హాపాలో రాత్రంతా ఎగురుతానే ఉంటాయమ్మా. పాకలో పడుకుంటే టపటపమని వినపడుద్ది. సర్దుకుంటాయంటారుగా అందరూ. నేనూ అదే అనుకునేవాణ్ణి. కానీ ఆ చప్పుడు ఆగంగా నేనెప్పుడూ వినలా."

"ఈ మాట సార్‌కి చెప్తావా?"

"టిక్కు సంగతి కూడానా?"

"అదే ముందు చెప్పాలి."

జకరయ్య చెరువు వైపు చూశాడు. సంచుల చుట్టూ నీళ్ళు చిన్నగా సుడులు తిరుగుతున్నాయి. చెయ్యి చాపాడు. "కలుపమ్మా ఫోను. నువ్వు చెప్పకూడదు. నా చేత్తో కొట్టిన టిక్కు, నేనే చెప్పాలి."

నిలబడే చెప్పాడు, ఎదురుగా చినబాబుగారు ఉన్నట్టు కండువా భుజం మీంచి దించి. చెప్పడం అయ్యాక ఫోనులోంచి శోభనాద్రి గొంతు గట్టు మీద దాకా వినిపించింది. "చూశావా! పద్ధతి తప్పాడని నేను మొదటినుంచీ మొత్తుకుంటున్నానా లేదా? జెనిఫర్‌కి ఇయ్యి."

"సార్," అంది జెనిఫర్. "ఆ ఐదూ హాపాలో లేవు, నిజమే. మిగతా ముప్పై ఐదూ హాపాలో ఉన్నాయి సార్."

ఫోను కట్టయిందేమోనని చెవి నుంచి తీసి చూసుకుంది. కాలేదు.

"మనం కొలిచింది చెరువుల తేడా కాదు సార్. అన్నిటినీ మనమే రాత్రంతా బెదిరించి, ఆ బెదురునే కొలిచాం."

"ఒక్క ఆదివారం కదమ్మా," అన్నాడు శోభనాద్రి. గొంతు మారింది, కోపం పోయి లోపలి ప్రొఫెసర్ నిద్ర లేచాడు. "ఆ రోజు మబ్బేసి ఉండొచ్చు. మేత మారి ఉండొచ్చు. ఒక్క రోజుని పట్టుకుని సిద్ధాంతం చేస్తే నలుగురూ నవ్వుతారు."

"అందుకే సార్, రేపు పొద్దున ఒకే చెరువులో, ఒకే గంటలో, హాపావి ఐదు, సంచి దగ్గరవి ఐదు తీద్దాం. మళ్ళీ నెలల తరబడి ఆగక్కర్లేదు, మన ల్యాబులోనే ఎఫ్‌కేబీపీ-5నీ, ఫాస్‌నీ కొలవచ్చు. సాయంత్రానికి తేలిపోతుంది. తప్పయితే ఆ ఐదింటినీ నేనే తీసేస్తాను."

"తీసేది ఎవరు? మళ్ళీ జకరయ్యేనా?"

"ఆయనే సార్. మీరు వచ్చి చూడండి."

"ఎన్నింటికి రావాలి?" అన్నాడు శోభనాద్రి.

*

శుక్రవారం తెల్లారేసరికి శోభనాద్రి కారు గట్టు మీదుంది. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, పడవ మధ్యలో గొంతుక్కూర్చున్న శోభనాద్రిని చూస్తే జెనిఫర్‌కి నవ్వొచ్చింది. చేతిలో ఫోను, ఫోనులో స్టాప్‌వాచీ. జకరయ్య కర్రతో పడవని నెట్టడం కాదు, నీటికి తెలియకుండా జరిపాడు. సంచి పక్కకి చేరాక చేతివల ముంచాడు. నీరు తొణకలేదు. మరుక్షణం బల్ల మీద చేప, ఒక్క దెబ్బ, కత్తి, పట్టకారు. చిక్కుడు గింజంత మెదడు ట్యూబులో పడింది.

"నిమిషం యాభై," అన్నాడు శోభనాద్రి, తనకి తనే చెప్పుకున్నట్టు.

సంచి దగ్గర ఐదూ అయ్యాక హాపా దగ్గరికి వెళ్ళారు. నిన్న సాయంత్రం వేసిన ఐదు చేపలు. పడవ ఇంకా పది గజాల దూరంలో ఉండగానే వల లోపల నీరు కుతకుత ఉడికింది. ఒక చేప గాల్లోకి లేచి వల అంచుకి కొట్టుకుని పడింది. శోభనాద్రి ఆ చోటునే చూస్తూ ఉండిపోయాడు. చిన్నప్పటి నుంచీ కొన్ని వందల హాపాలు చూసుంటాడు. ఈ పొద్దున మాత్రం కొత్తగా చూస్తున్నవాడి మొహం పెట్టాడు.

తొమ్మిదిన్నరకల్లా ఐసు పెట్టెతో సహా నలుగురూ బందరులో ఉన్నారు. నాలుగో మనిషి, ల్యాబులోనే ఉన్న బిందు. పది ట్యూబుల మీద పాత గుర్తులు చెరిపేసి, తనకి తోచినట్టు ఒకటి నుంచి పది దాకా అంకెలు వేసి, ఏది ఏదో కాగితం మీద రాసుకుని జడలో దోపుకుంది. "నా ప్రాణం పోయినా ఇవ్వను," అంది. ఇక ఏ ట్యూబు హాపాదో, ఏది సంచిదో జెనిఫర్‌కీ తెలియదు, శోభనాద్రికీ తెలియదు. జెనిఫర్ మాత్రం ముందే బోర్డు మీద రాసింది: ఐదు గీతలు ముందు లేస్తాయి, ఐదు వెనక లేస్తాయి. తప్పయితే తుడుచుకోడానికి లేకుండా, సుద్దముక్కతో కాదు, చెరగని మార్కరుతో రాసింది!

మధ్యాహ్నం భోజనాలు ఎవరికీ గుర్తులేవు. నాలుగున్నరకి బిందు పది శాంపిళ్ళనీ, ముందుగా ఎఫ్‌కేబీపీ-5 కోసం, మిషన్‌లో పెట్టి మూత వేసింది. ఒక్కో శాంపిలుకీ తెర మీద ఒక్కో గీత. వెతుకుతున్న జన్యువు ఎంత ఎక్కువగా ఉంటే గీత అంత త్వరగా నేల విడిచి పైకి లేస్తుంది. చుట్టు తరవాత చుట్టు, పది చుట్లు, పదిహేను, ఇరవై. గీతలన్నీ నేలకి అంటుకునే ఉన్నాయి. జకరయ్య గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. ఎవరూ లోపలికి రావద్దనలేదు గానీ, రమ్మనీ అనలేదు.

ఇరవై మూడో చుట్టులో ఒక గీత తలెత్తింది. దాని వెనకే ఇంకోటి. మూడు, నాలుగు, ఐదు. గుప్పెట్లోంచి వదిలినట్టు ఐదూ ఒక్కసారి పైకి పాకాయి.

"ఆరోది?" అన్నాడు శోభనాద్రి.

ఇరవై నాలుగు. లేవలేదు. ఇరవై ఐదు. లేవలేదు. జెనిఫర్ బిందు చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే బిందు కెవ్వుమంది. ఇరవై ఆరు, ఇరవై ఏడు. ఇరవై ఎనిమిదో చుట్టులో గానీ మిగతా ఐదు గీతలూ కదల్లేదు. రెండు గుంపుల మధ్య అరచెయ్యి పెట్టేంత ఖాళీ.

"కాగితం!"

బిందు జడలోంచి కాగితం లాగి చదివింది. ముందు లేచినవి రెండు, మూడు, ఆరు, తొమ్మిది, పది. కాగితంలో హాపావి రెండు, మూడు, ఆరు, తొమ్మిది, పది. ఒక్కటీ తప్పలేదు. జెనిఫర్ నిజంగానే గంతేసింది. బల్ల మీద ఖాళీ ట్యూబుల డబ్బా కింద పడి గదంతా చిందింది, ఎవరూ ఏరలేదు.

శోభనాద్రి కుర్చీలో వెనక్కి వాలాడు. రెండేళ్ళ పని. రెండు వందల పన్నెండు జన్యువుల రిపోర్టు.

"ఐదు కాదమ్మా తీసెయ్యాల్సింది," అన్నాడు చివరికి. "ముప్పై ఐదు." తర్వాత ఎందుకో నవ్వు మొదలెట్టాడు, ముందు చిన్నగా, ఆ తర్వాత పెద్దగా. "మా నాన్న హయాం నుంచీ, ఓ రాత్రి హాపాలో ఉంచితే చేప నిమ్మళిస్తుంది... అబ్బబ్బ! శనివారం పంపేది ఈ సంగతే పంపుదాం. ఇది తెలిసినవాడు దేశంలో ఇంకెవడైనా ఉన్నాడేమో చూద్దాం."

ఫోను తీసి నొక్కాడు. "అన్నయ్యా, నేనే. జకరయ్య విషయం. తప్పు వాడిది కాదు, నాది... ఆఁ, నాదే. కొత్త మనిషి అక్కర్లేదు. ఈ మనిషి లేకపోతే నా పని సాగదు, నీ చెరువూ సాగదు. సర్లే, రేపు వచ్చి వివరంగా చెప్తా." ఫోను పెట్టేసి గుమ్మం వైపు చూశాడు. లేచి, తను కూర్చున్న కుర్చీనే ఇటు తిప్పాడు. "అలా నిలబడ్డావేం, వచ్చి కూర్చో."

జకరయ్య కూర్చోలేదు గానీ కుర్చీ వెనక చెయ్యి ఆనించి నిలబడ్డాడు. కళ్ళు నీళ్ళతో మెరుస్తున్నాయి. "అమ్మా, మట్టిలో గీశావే, ఆ ఐదు చుక్కలు... ఓసారి చూపిస్తావా?"

జెనిఫర్ తెర మీద పాత బొమ్మ తెచ్చింది. మూలనున్న ఐదింటినీ ఆయన వేలితో ఒక్కొక్కటే తడిమాడు. వేలు ఒకచోట ఆగింది.

"ఇది కాస్త ఎడంగా ఉందేంటి?"

"అదొక్కటే తెలియడం లేదు బాబాయ్. ఎంత వెతికినా దొరకలేదు. నాలుగో ట్యూబు అది. కొంచెం బెదిరినట్టుంది."

"నాలుగోదా?" జకరయ్య తెర వైపు వంగాడు. "నాలుగోదేనా? అది చేతిలోంచి జారిపోయిందమ్మా! పడవ అడుగున బల్ల కిందకి దూరింది. ఎంతకీ చిక్కకపోతే, సరే దీని సంగతి తర్వాత చూద్దామని ఐదోది పట్టి కోసేసి, అప్పుడు బల్ల ఊడదీసి దీన్ని తీశా. పావుగంట పైనే పట్టుంటుంది. ట్యూబు మీద నాలుగని ముందే రాసుండబట్టి అందులోనే వేశా." మొహం నిండా ఆశ్చర్యం. "ఈ సంగతి నేనెవరికీ చెప్పలేదే!"

బెదిరిన పావుగంటలో లేచే జన్యువు, ఆ ఒక్క చేపలో, ఆ ఒక్కటే. శోభనాద్రి బీరువా దగ్గరికి వెళ్ళి చెరువు నోటుబుక్కు తెచ్చాడు. జకరయ్య ముందు పెట్టి, జేబులో పెన్ను తీసి మూత తిప్పి ఇచ్చాడు.

"కొత్త పేజీ తిప్పు. ఇవాళ్టిది రాయి. ఇక మీదట గడులూ టిక్కులూ వద్దు. ఏం జరిగితే అది రాయి, చేప జారితే జారిందని రాయి."

జకరయ్య పెన్ను తీసుకున్నాడు. కుర్చీ ముందుకి లాక్కుని కూర్చున్నాడు. కొత్త పేజీ తిప్పలేదు. వెనక్కి, వెనక్కి తిప్పుకుంటూ ఫిబ్రవరి పదహారు దగ్గర ఆగాడు. కాగితం వెనక్కి దిగేలా కొట్టిన ఆ టిక్కుని అడ్డంగా ఒక గీతతో కొట్టేశాడు. పక్కనున్న ఖాళీలో, బడిపిల్లాడిలా పెదవులు కదుపుతూ, పెద్ద పెద్ద అక్షరాలతో రాశాడు: "హాపాలో వెయ్యలేదు. కూడికలకి వెళ్ళాను. సంచి దగ్గర పట్టాను. నాలుగోది జారింది." కింద సంతకం పెట్టి, తేదీ ఇవాళ్టిది వేశాడు.